మడమ నొప్పి: ఆక్యుపంక్చర్‌తో ఎముక కరుగుతుందా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. హన్మకొండలో బట్టల షాపులో పని. పొద్దంతా బండల మీద వట్టి కాళ్లతో నిలబడాలి. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే కుడి మడమలో మేకు దిగినట్టుంటుంది, కాస్త నడిస్తే సర్దుకుంటుంది. ఎక్స్‌రే తీసి ఎముక పెరిగిందన్నారు. ఆక్యుపంక్చర్‌తో అది కరుగుతుందా? ఇంట్లో నొక్కుకునే పద్ధతి ఉందా?

జవాబు: కరగదమ్మా, కరగాల్సిన పని కూడా లేదు. ఎక్స్‌రేలో ముల్లులా పెరిగిన ఆ ఎముక కనబడినా నొప్పే లేనివాళ్లు ఎందరో ఉంటారు. మీ లక్షణాలను బట్టి, మడమ నుంచి వేళ్ల దాకా అరికాలిని పట్టి ఉంచే పొర మడమ దగ్గర దెబ్బతిన్నట్టుంది. రాత్రి బిగుసుకున్న పొర మొదటి అడుగుకే సాగుతుంది, అందుకే ఆ పోటు.

చైనా వైద్యం లెక్కలో మడమ కిడ్నీ నాడి దారిలో ఉంటుంది, కిడ్నీ బలం తగ్గితే నొప్పి వస్తుందంటారు. ఆ మాట విని క్రియాటినిన్ పరీక్షకు పరుగెత్తకండి. వాళ్లు చెప్పేది కిడ్నీ జబ్బు గురించి కాదు.

ఆక్యుపంక్చర్ సూదులతో కొన్ని వారాల ఉపశమనం దొరకొచ్చు. వారానికి ఒకటి రెండుసార్లు చేయించుకోండి. ఆరుసార్లకు కూడా మార్పు లేకపోతే ఆపేయండి. కొత్త సూదుల ప్యాకెట్ మీ కళ్లముందే విప్పాలి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి.

ఇంట్లో అయితే మంచం దిగకముందే మొదలుపెట్టండి. చీలమండ లోపలి ఎముకకు, వెనక తాడులా తగిలే స్నాయువుకు మధ్య పల్లం ఉంటుంది, దాని పేరు తాయ్‌షీ. బయటి వైపు పల్లం కున్‌లున్. రెంటినీ బొటనవేలితో ఓర్చుకోగలిగినంతే, ఒక్కోటి నిమిషం నొక్కండి. గర్భిణులు కున్‌లున్ జోలికి పోవద్దు. మునివేళ్ల మీద లేస్తే పిక్క కండ కింద గీతలా తేలే చోటు చెంగ్‌షాన్, అక్కడా నొక్కండి. నొప్పి ఉన్న చోట మాత్రం పొడిచినట్టు నొక్కొద్దు, ఇంకా రేగుతుంది.

నొక్కడం కంటే సాగదీయడమే ముఖ్యమని మా గట్టి నమ్మకం. నొప్పి కాలును రెండో మోకాలి మీద వేసుకుని, కాలివేళ్లను చేత్తో మోకాలి వైపు లాగి 10 అంకెలు లెక్కపెట్టండి. ఇలా 10 సార్లు, రోజుకు మూడు పూటలు. షాపులో మెత్తటి చెప్పులకు ఒప్పించండి. వట్టి బండల మీద నిలబడుతుంటే ఏ వైద్యమూ నిలవదు.

ఆన్‌లైన్‌లో దొరికే చైనా మూలికల కాళ్ల స్నానం పొడులు కొనకండి. కొన్నింటిలో వత్సనాభి జాతి వేర్లు ఉంటాయి. చలికాలం పగిలిన మడమల్లోంచి ఆ విషం ఒంట్లోకి చేరుతుంది.

ప్రశ్న: మా ఆయనకు షుగర్, అరికాళ్లు మొద్దుబారాయి. మడమ నొప్పికి మాచిపత్రి కడ్డీ సెగ పెట్టించొచ్చా? (జగిత్యాల)

జవాబు: వద్దు. వినాయకుడి పత్రిలో వాడే మాచిపత్రి జాతి ఆకు ఎండబెట్టి చేసిన కడ్డీ అది. వెలిగించి చర్మానికి అంగుళం దూరంలో పడతారు. స్పర్శ లేని కాలికి కాలినా తెలియదు, ఆ పుండు ఓ పట్టాన మానదు. వేడినీళ్ల కాపడం కూడా వద్దు. మొద్దుబారిన కాలిలో నొప్పి వాపుతో, ఎరుపుతో ఉంటే ఆ రోజే వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రిలో చూపించండి.