డర్ట్ ర్యాలీ 2.0 ఆడబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

డర్ట్ ర్యాలీ 2.0 అనే కార్ల ర్యాలీ వీడియో గేమ్ కొన్నావనీ, వారం తిరగకుండానే విసుగెత్తి పక్కన పెట్టేయాలనుకుంటున్నావనీ నీ ఉత్తరం వల్ల తెలిసింది. తొందరపడవద్దు. నీ విసుగులో సగం తప్పు ఆ ఆటదే, ఎందుకంటే అది పాఠం చెప్పకుండానే పరీక్ష పెడుతుంది. దీన్ని తయారు చేసిన కోడ్‌మాస్టర్స్ సంస్థ వారే 2017లో తెచ్చిన డర్ట్ 4 ఆటలో డ్రైవింగ్ నేర్పే విభాగం ఉంది. 2004 నాటి రిచర్డ్ బర్న్స్ ర్యాలీ అనే ఆటలోనూ ఉంది. 2019 ఫిబ్రవరిలో వచ్చిన ఈ ఆటలో మాత్రం అటువంటిది లేకపోవడాన్ని నేను పెద్ద లోపంగానే లెక్కిస్తాను. ఆ లోటును కొంతైనా పూడ్చాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా నీ చెవికి శిక్షణ ఇవ్వు. పక్క సీటులోంచి పేస్ నోట్స్, అంటే రాబోయే మలుపులను ముందే చెప్పే గుర్తులు, చదివే ఆ గొంతు ఫిల్ మిల్స్‌ది. 2003లో పెటర్ సోల్బర్గ్ ప్రపంచ ర్యాలీ చాంపియన్ అయినప్పుడు అతని పక్కన కూర్చొని దారి చెప్పిన కో-డ్రైవర్ ఆయనే. ఆయన చెప్పే అంకెల్లో ఒకటి అంటే బాగా మెలి తిరిగిన మలుపు, ఆరు అంటే వేగం దాదాపు తగ్గించనక్కరలేని మలుపు. నీ కళ్లు ఒక మలుపు మీద ఉండగానే ఆయన తరువాతి మలుపు గురించి చెబుతూ ఉంటాడు కాబట్టి, విన్నదాన్ని మనసులో దాచుకుంటూ, అంతకు ముందు విన్నదాన్ని చేతులతో అమలు చేస్తూ పోవాలి. ఇది అలవడే వరకు సగం వేగంతోనే నడుపు.

ఒక రాత్రి న్యూ ఇంగ్లండ్ అడవి దారిలో చెట్టుకు గుద్దుకొని నా కారు హెడ్‌లైట్లు రెండూ పోయాయి. తెర మీద చెట్ల నీడలు తప్ప మరేమీ కనిపించలేదు. రెండో గేరులో, ఆ గొంతు చెప్పే అంకెలనూ, చక్రాలు దారి తప్పినప్పుడు మారే కంకర చప్పుడునూ మాత్రమే నమ్ముకొని చివరి దాకా వెళ్లాను. పేస్ నోట్స్ వినడమంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది. ఆ అనుభవాన్ని ఇంత నిజంగా ఇవ్వగలగడమే ఈ ఆట బలం.

కారు విషయంలో ఆశకు పోవద్దు. 1986తో ర్యాలీల నుంచి నిషేధించిన, అతి శక్తిమంతమైన గ్రూప్ బి తరగతి కార్లు, ముఖ్యంగా ఆడి స్పోర్ట్ క్వాట్రో ఎస్1 ఇ2, నిన్ను ఊరిస్తాయి. వాటి జోలికి ఇప్పుడే వెళ్లకు. ముందు చక్రాలతో నడిచే లాన్సియా ఫుల్వియా తీసుకో. దాని ఇంజిన్ శక్తి తక్కువ కనుక నీ తప్పు ఎక్కడుందో నీకు కనిపించేంత వ్యవధి ఇస్తుంది. బ్రేకు వేయడం మలుపుకు ముందే, కారు తిన్నగా ఉన్నప్పుడే దాదాపు పూర్తి కావాలి. అప్పుడు బరువు ముందు చక్రాల మీదికి వచ్చి, అవి నేలను పట్టుకుంటాయి. జారుతున్న కారును ఇంకా గట్టిగా తిప్పబోవడం కొత్తవారందరూ చేసే పొరపాటు. ఇందులో తప్పు జరిగితే వెనక్కి తిప్పుకొని మళ్లీ ఆడే సదుపాయం లేదు. అది నాకు ఇష్టం.

నేల విషయంలోనూ ఈ ఆట చాలా శ్రద్ధ చూపుతుంది. వెనకబడి బయలుదేరితే, ముందు వెళ్లిన కార్లు తవ్విన చాళ్లు చక్రాలను తమ వైపు లాగుతాయి. పోలండ్‌లో దారి వేగంగా సాగుతుంది. అర్జెంటీనాలో ఇరుకు దారి పక్కనే బండరాళ్లు కాచుకొని ఉంటాయి కాబట్టి దాన్ని చివరికి ఉంచుకో. స్పెయిన్ తారు రోడ్డు మీద మాత్రం కారు నేలకు అంటీ అంటనట్టు నాకు అనిపిస్తుంది. కంకర మీద ఉన్న నమ్మకం అక్కడ కలగదు.

నన్ను ఎక్కువగా బాధించే లోపం మరొకటి ఉంది. ఒక్కో దేశంలో స్టేజీలు, అంటే సమయం లెక్కగట్టే దారి భాగాలు, పన్నెండని చూపినా, అవి రెండు పొడవాటి దారులను ముక్కలు చేసి, తిరగేసి తయారు చేసినవే. కొన్నాళ్లకు దారి కంఠతా వచ్చేస్తుంది. దాంతో చెవి పనిచేయడం మానేస్తుంది. అలా జరిగిందని గమనించిన వెంటనే దేశం మార్చు, లేదా వానలో నడుపు. తరువాత విడిగా అమ్మిన మాంటీ కార్లో, స్వీడన్, ఫిన్‌లాండ్ వంటి ఆరు చోట్లు 2015 నాటి మొదటి డర్ట్ ర్యాలీలో ఉన్నవే కనుక, అది నీ దగ్గర ఉంటే కొనే ముందు ఆలోచించుకో. ఆటలోని కెరీర్ అనే విభాగం ఆడడానికి ఇంటర్నెట్ తప్పనిసరి కావడం కూడా నాకు నచ్చదు.

ఈ వారం న్యూజిలాండ్‌లో, పొడి నేల మీద, ఫుల్వియాతో ఒక చిన్న స్టేజీని పూర్తి చేయి. ఎంత సమయం పట్టిందో నాకు రాయనక్కరలేదు. కారుకు ఎక్కడెక్కడ దెబ్బలు తగిలాయో, ఆ ప్రతి దెబ్బకూ ముందు ఫిల్ మిల్స్ ఏమని చెప్పాడో రాసి పంపు.

నీ మావయ్య