ఐటీఐలో ఏడాది అయింది, ఇప్పుడు మాన్పించి ఇంటర్‌లో వేయాలా?

ఖమ్మం దగ్గర నుంచి ఒక తల్లి రాశారు. పది అయ్యాక కొడుకుని హైదరాబాద్‌లో సలేషియన్ ఫాదర్లు (ఒక కేథలిక్ క్రైస్తవ సంస్థ గురువులు) నడిపే టెక్నికల్ స్కూల్లో, హాస్టల్‌తో సహా, ఐటీఐ ఫిట్టర్ ట్రేడ్‌లో (ఇనుప భాగాలు కోసి, సరిచేసి, అమర్చే పని) చేర్పించారట. మొదటి ఏడాది పూర్తయింది. "మా తోటికోడలి కొడుక్కి ఇంటర్ ఫస్టియర్‌లో 470కి 458 వచ్చాయి. మావాడు సెలవులకి వస్తే చేతులు కాయలు కాసి ఉన్నాయి. థియరీలో మార్కులు అంతంతమాత్రం. చుట్టాల ముందు ఏం చెప్పాలో తెలియడం లేదు, అందరూ మతం మారుస్తారేమో చూసుకో అని కూడా అంటున్నారు. ఇప్పటికైనా మాన్పించి ఎంపీసీలో చేర్చమంటారా? రెండూ పోల్చి చెప్పండి" అని అడిగారు.

అమ్మా, మాన్పించకండి. ఇక మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

ఈ ఉత్తరం నాకు కొత్త కాదు. ఏటా మే, జూన్ నెలల్లో ఊరి పేరు మారి, ట్రేడ్ పేరు మారి ఇదే ప్రశ్న వస్తుంది. అన్నిట్లోనూ తోటికోడలి కొడుకో, ఆడపడుచు కూతురో ఒకరు ఉంటారు. మీ ఉత్తరంలో ఆ అబ్బాయి మార్కులు అంకెలతో సహా రాశారు. మీవాడు ఈ ఏడాది ఏం నేర్చుకున్నాడో ఒక్క వాక్యం లేదు. కోప్పడుతున్నానని అనుకోకండి, అనుకున్నా ఫర్వాలేదు. కాయలు కాసిన చేతులు చూశారు గానీ ఆ చేతులతో ఏం చేస్తున్నావురా అని అడిగారా?

మీరు అడగలేదు కాబట్టి నేనే చెప్తాను. ఫిట్టర్ మొదటి ఏడాదిలో నెలల తరబడి జరిగేది ఆకురాయి పట్టడం, వాళ్ల మాటల్లో ఫైలింగ్. చిన్న ఇనుప ముక్కని వైస్ అనే బిగింపు పట్టులో బిగించి, దాని ముఖం చదునుగా వచ్చేదాకా రుద్దుతూనే ఉండాలి, ట్రై స్క్వేర్, అంటే మూలమట్టం, పెట్టి వెలుతురుకి ఎత్తి చూస్తే సందులోంచి వెలుగు కనపడిందంటే మళ్లీ మొదటికి. మొదటి రెండు నెలల్లో చాలామంది పిల్లలు ఇంటికి ఫోన్ చేసి వచ్చేస్తానని ఏడ్చేది ఇక్కడే. తర్వాత హ్యాక్సా అనే రంపంతో కోయడం, మార్కింగ్, డ్రిల్లింగ్, ట్యాపింగ్ అంటే రంధ్రం లోపల మరలు కోయడం. వెర్నియర్ క్యాలిపర్‌తో 0.02 మిల్లీమీటర్ల దాకా, మైక్రోమీటర్‌తో 0.01 దాకా కొలవడం. ఆ పైన ఒక ముక్కలో గాడి కోసి, రెండో ముక్కని అందులో సరిగ్గా ఇమిడేలా చేయడం. వాళ్లు దాన్ని జాబ్ అంటారు. జాబ్ ఎప్పుడొస్తుందని మీరు అడుగుతుంటారు, మీవాడు మాత్రం ఈ ఏడాదంతా జాబులే చేశాడు. ఈ పనిలో ఎదుగుదల మార్కుల మెమోలో కనపడదు, ఆ ఇనుప ముక్కలో కనపడుతుంది. మొదటి నెలలో చేసిందీ, పదో నెలలో చేసిందీ పక్కపక్కన పెట్టి చూపించమనండి. నేను తల్లిదండ్రులకి ఈ పని చెప్పడం మొదలుపెట్టాక సగం మంది మళ్లీ ఉత్తరం రాయలేదు.

థియరీ మార్కుల సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోను. వర్క్‌షాప్ లెక్కలు, డ్రాయింగ్ ఈ రెండూ బలహీనంగా ఉంటే రేపు పాలిటెక్నిక్ డిప్లొమాలో ఇబ్బంది పడతాడు. ఆదివారాలు గంట కూర్చుని లెక్కలు చేయమనండి, అక్కడ హాస్టల్లో చెప్పేవాళ్లు ఉంటారు, అడిగే పని వాడిది.

ఇప్పుడు మీరు ఒప్పుకోని లెక్క ఒకటి చెప్తాను. మీ మనసులో ఉన్నది ఇంటర్ కాదు, బీటెక్. అవునా? ఈ రోజు మాన్పించి ఇంటర్‌లో వేస్తే పోయిన ఏడాది ఒకటి, ఇంటర్ రెండు, బీటెక్ నాలుగు, అంటే పది తర్వాత ఏడేళ్లు. ఐటీఐ పూర్తి చేయనిస్తే ఐటీఐ రెండు, ఆ తర్వాత డిప్లొమాకి సిద్ధం చేసే బ్రిడ్జ్ కోర్సు చేసి, ఎల్‌పీసెట్ అనే ఎంట్రన్స్ రాస్తే నేరుగా డిప్లొమా రెండో ఏడాదిలోకి, అక్కడ రెండేళ్లు, ఆపైన డిప్లొమా వాళ్లకి పెట్టే ఈసెట్ ఎంట్రన్స్‌తో బీటెక్ రెండో ఏడాదిలోకి, అక్కడ మూడేళ్లు. ఇదీ ఏడే. బ్రిడ్జ్ కోర్సు దగ్గరో, ఎంట్రన్స్ దగ్గరో ఆలస్యమైతే ఇంకో ఏడాది పోవచ్చు, అది దాచను. కానీ ఈ దారిలో మధ్యలో ఎక్కడ ఆగినా చేతిలో ఒక సర్టిఫికెట్ ఉంటుంది. ఇంటర్ దారిలో మధ్యలో ఆగితే ఏముంటుందో మీకు తెలుసు.

బీటెక్ అంటే కూడా మీరనుకునేది సీఎస్ఈనే, అంటే కంప్యూటర్ సైన్స్. ఇప్పుడైతే దాని వెనక ఏఐ, డేటా సైన్స్ అని తోకలు కూడా వచ్చాయి. దీని మీద నాకు నిజంగానే అనుమానాలున్నాయి, ఉద్యోగరీత్యా బయటికి చెప్పకూడదేమో గానీ చెప్తున్నాను. కాలేజీలు మెకానికల్, సివిల్ సీట్లు తగ్గించుకుని కంప్యూటర్ సీట్లు పెంచుకుంటూ పోయాయి. సీట్లు పెరిగినంత వేగంగా పాఠం చెప్పేవాళ్లు ఎక్కడినుంచి వచ్చారు? కోడింగ్ అంటే ఇష్టమున్న పిల్లకి అది మంచి దారే, అందులో సందేహం లేదు. కానీ నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎందుకు ఈ బ్రాంచ్ అని అడిగితే "మా నాన్న చెప్పారు" అనేవాళ్లే ఎక్కువ. నాలుగేళ్ల తర్వాత వాళ్లలో కొందరు మళ్లీ నా దగ్గరికే వస్తారు, అమీర్‌పేటలో ఏ కోర్సు చేస్తే ఉద్యోగం వస్తుందని అడగడానికి. కొన్నేళ్ల కిందట నేనే ఒక ఎలక్ట్రీషియన్ ట్రేడ్ అబ్బాయిని మధ్యలో మాన్పించి ఇంటర్‌లో చేర్చమని వాళ్ల నాన్నకి సలహా ఇచ్చాను, ఆయన ముఖంలో ఆ దిగులు చూడలేక. ఆ అబ్బాయి ఫస్టియర్‌లో మ్యాథ్స్ రెండు పేపర్లూ తప్పాడు. తెలివి లేక కాదు, ఏడాదిగా ఆల్జీబ్రా ముట్టుకోలేదు. ఆ సలహా తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

మీవాడున్న స్కూల్ గురించి రెండు మాటలు. సలేషియన్ సంస్థని మొదలుపెట్టిన డాన్ బోస్కో ఇటలీలోని ట్యూరిన్‌లో ఉండేవాడు. ఊళ్ల నుంచి పని వెతుక్కుంటూ నగరానికొచ్చిన పేద పిల్లల కోసం 1853లో చెప్పులు కుట్టడం, బట్టలు కుట్టడం నేర్పే వర్క్‌షాప్‌లు పెట్టాడు. అంతకుముందే, 1852లో, ఒక కుర్రాడిని వడ్రంగి దగ్గర పనిలో పెడుతూ స్టాంపు కాగితం మీద ఒప్పందం రాయించాడు. అబ్బాయి తప్పు చేస్తే మాటతో సరిదిద్దాలి గానీ కొట్టకూడదనీ, నేర్చుకునే పనికి సంబంధం లేని చాకిరీ చేయించకూడదనీ అందులో ఉంది. ఆ ఒప్పందం గురించి ఎందుకు చెప్తున్నానంటే, రేపు మీవాడు ఏదైనా కంపెనీలో పని నేర్చుకోవడానికి అప్రెంటిస్‌గా చేరేటప్పుడు మీరు చూడాల్సిందీ అలాంటి కాగితమే. మన దగ్గర 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఉంది. కాంట్రాక్టు రిజిస్టర్ అయిందా, ఏ ట్రేడ్ అని రాశారు, స్టైపెండ్ ఎంత, చివర్లో పరీక్ష రాయిస్తారా, ఇవి అడగండి. అడగకపోతే ఏడాదంతా గోడౌన్‌లో పెట్టెలు మోయించేవాళ్లూ ఉంటారు. "ఫాదర్లు చూసుకుంటారులే" అని వదిలేయకండి, వాళ్లు చూసుకుంటారు గానీ ఆ పిల్లాడు మీవాడు.

మతం సంగతి. పొద్దున ప్రార్థన ఉంటుంది, కేథలిక్ పిల్లలకి పూజలూ పాఠాలూ విడిగా ఉంటాయి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలో మైనర్‌ని తల్లిదండ్రుల అనుమతి లేకుండా మతబోధకి గానీ, పూజకి గానీ కూర్చోబెట్టకూడదని రాజ్యాంగంలోనే ఉంది, 28వ అధికరణం. మీకిష్టం లేకపోతే ప్రిన్సిపాల్‌కి ఒక్క కాగితం రాసివ్వండి, చుట్టాలతో చర్చ పెట్టకండి.

పోల్చి చెప్పమన్నారు కదా, ఎంతసేపూ ధైర్యమే చెప్తున్నాను. ఐటీఐలో కష్టమైన సంగతి కూడా వినండి. మొదటి ఉద్యోగం చాలావరకు కాంట్రాక్టుదే, షిఫ్టులుంటాయి, జీతం చూసి మీరు నిట్టూరుస్తారు. వందకి వంద ప్లేస్‌మెంట్ అని ఏ స్కూల్ చెప్పినా, పోయినేడాది చేరినవాళ్లు ఇప్పటికీ అక్కడే ఉన్నారా అని అడగండి. ప్రభుత్వ రంగంలో అవకాశాలు ఉన్నాయి, పోటీ కూడా అంతే ఉంది. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ (రైలింజన్ డ్రైవర్‌కి సహాయకుడు) పోస్టులకి పదితో పాటు ఐటీఐ ఉంటే చాలు, 2024 నోటిఫికేషన్‌లో ఖాళీలు మొదట 5,696 అని ఇచ్చి తర్వాత 18,799కి పెంచారు. మొదటి బేసిక్ 19,900. ఇంటర్ ఎంపీసీలో 458 తెచ్చుకున్న పిల్లాడికి ఆ సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే దానికి అప్లై చేసే అర్హత లేదు, ఈ మాట మీ తోటికోడలితో మాత్రం అనకండి.

వాళ్ల నాన్నగారు ఏమంటున్నారో మీ ఉత్తరంలో లేదు. ఇంట్లో వాడి ముందు "వెనకబడ్డాడు" అనే మాట ఎవరు అంటున్నా ఆపించండి. పదహారేళ్ల పిల్లాడు హాస్టల్లో ఉండి, పొద్దున లేచి, నిలబడి పనిచేసి, ఏడాది పూర్తి చేసుకొచ్చాడు. మధ్యలో పారిపోలేదు. సెలవులకి వచ్చినవాడిని అన్నం పెట్టి కూర్చోబెట్టకుండా, మీ ఇంట్లో సరిగ్గా పడని తలుపు గడియ ఏదైనా ఉంటే చూడమనండి.

ఇంకొకటి, మర్చిపోయేలోపు. మీవాడికి కళ్లజోడు ఉందా? లోకో పైలట్ పోస్టుకి కళ్లజోడు లేకుండా రెండు కళ్లకీ 6/6 చూపు ఉండాలి, రంగులు కూడా సరిగ్గా గుర్తుపట్టాలి. చాలామంది రెండేళ్లు ప్రిపేరై, పరీక్ష పాసై, మెడికల్‌లో పోతారు. ఈ సెలవుల్లోనే ఒకసారి కంటి డాక్టర్ దగ్గర చూపించి, ఏమన్నారో నాకు రాయండి. చూపు సరిపోకపోతే డిప్లొమా దారి గురించి అప్పుడు మాట్లాడుకుందాం.