మతాల గురించి చదివితే మా అమ్మాయి ఏమైపోతుందో!

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పాసైంది. ఎంసెట్‌లో కన్వీనర్ కోటాలోనే సీఎస్ఈ వచ్చే ర్యాంకు తెచ్చుకుంది. కానీ కాలేజీ వాళ్ళు పాత బౌద్ధ క్షేత్రం శాలిహుండం తీసుకెళ్ళి చూపించిన దగ్గర్నుంచి బౌద్ధం, జైనం, జపాన్ వాళ్ళ మతం అంటూ అదే ధ్యాస. బీఏ చదివి, తర్వాత తూర్పు దేశాల మతాలను పోల్చి చదివే ఎంఏ చేస్తానంటోంది. బీటెక్‌కీ దీనికీ పోల్చి చెప్పండి మాస్టారూ. ఉద్యోగం వస్తుందా? మాది దేవుడంటే భక్తి ఉన్న కుటుంబం. - ఒక తండ్రి, నరసన్నపేట

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది ఆఖరి వాక్యం. ఉద్యోగం గురించి అడిగి, వెంటనే భక్తి ఉన్న కుటుంబం అని ఎందుకు రాశారు? ఈ బెంగ నా దగ్గరికి చాలా ఇళ్ళ నుంచి చాలా రకాలుగా వచ్చింది. పిల్ల నాలుగు మతాలూ చదివి మన దేవుణ్ణి వదిలేస్తుందేమో, మతం మారిపోతుందేమో, రేపు సంబంధం వాళ్ళు ఏం చదివిందని అడిగితే ఏం చెప్పుకోవాలో అన్నదే మీ అసలు భయం. ముందు దాని సంగతి చూద్దాం.

ఈ చదువులో ఏ మతం గొప్పదో తేల్చరు. ఒక నమ్మకం మనుషుల బతుకును ఎలా మలిచిందో చూస్తారు. మీ ఇంటి దగ్గరి విషయమే తీసుకోండి. రథసప్తమికి అరసవల్లి వెళ్ళే ఉంటారు. మనకు సూర్యుడు ఏడు గుర్రాల రథం మీద వచ్చే దేవుడు. జపాన్‌లో సూర్యుడు అమ్మవారు. పేరు అమతెరసు, ఆవిడ గుడి ఇసేలో ఉంది. అక్కడి చక్రవర్తుల వంశానికి ఆవిడే మూలమని చెప్పుకున్నారు. ఆ నమ్మకం మీద ఒక రాజ్యం నడిచింది, యుద్ధాలు జరిగాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిపోయాక 1946 జనవరి 1న హిరోహితో చక్రవర్తి తాను దైవాంశ అన్న భావనను కాదంటూ ప్రకటన చేయాల్సి వచ్చింది. మనమూ, జపాన్ వాళ్ళూ మొక్కింది ఆ సూర్యుడికే. ఒకచోట ఆరోగ్యం కోసం మొక్కే దేవుడయ్యాడు, ఇంకోచోట సింహాసనానికి అండ అయ్యాడు. ఎందుకలా జరిగింది? మీ అమ్మాయి చదవాలనుకుంటున్నది ఇదీ.

జపాన్‌లోనే ఇంకో సంగతి ఉంది. బిడ్డ పుడితే అక్కడి సొంత మతమైన షింటో గుడికి తీసుకెళ్తారు, మనిషి పోతే బౌద్ధ పద్ధతిలో సాగనంపుతారు. మీది ఏ మతమని అడిగితే చాలామంది ఏదీ కాదంటారు. చైనాలో ప్రాచీన తత్త్వవేత్త కన్ఫ్యూషియస్ సంప్రదాయ గ్రంథాల మీద పరీక్షలు పెట్టి అధికారులను ఎంచుకున్నారు. వెయ్యేళ్ళకు పైగా నడిచిన ఆ పద్ధతిని 1905లో రద్దు చేశారు. పరీక్ష పాసైతే వంశం తరిస్తుందన్న నమ్మకం మాత్రం ఆ ప్రాంతాల్లో నేటికీ పోలేదు. దక్షిణ కొరియాలో కాలేజీ ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు విని రాసే భాగం జరుగుతున్నంతసేపూ విమానాలు ఎగరవు, దిగవు. ర్యాంకుల కోసం పిల్లల నిద్ర తీసేసే మనం ఆ కథ ఒకసారి చదువుకోవాలి.

ఇక మతం మారిపోతుందన్న మాట. అశోకుడి 12వ శిలాశాసనంలో ఒక మాట ఉంది: తన మతాన్ని పొగుడుకుంటూ ఎదుటివాడి మతాన్ని కించపరిచేవాడు తన మతానికే ఎక్కువ చేటు చేస్తాడని. ఈ వరస శాసనాలను ఆయన చాలాచోట్ల చెక్కించాడు. విచిత్రమేమంటే కళింగలో ఉన్న ధౌలి, జౌగడల్లో 11, 12, 13 శాసనాలు లేవు. వాటి బదులు వేరే రెండు చెక్కించాడు. 13వ దానిలోనే కదా కళింగ యుద్ధం గురించి బాధపడ్డాడు! ఓడించిన నేల మీదే ఆ మాట ఎందుకు చెక్కించలేదు? ఇలాంటి ప్రశ్న వెనకాల పడ్డ పిల్ల మతం మారడానికి బయల్దేరినట్టు కాదు. అలాగని ప్రశ్నలు అడగదని హామీ ఇవ్వలేను. మీ పూజ గదిలోనే నిలబడి అడగొచ్చు. మీరు కసురుకోకండి. తెలియకపోతే తెలియదని చెప్పండి. ప్రశ్నకు పడిపోయేంత బలహీనమైనదా మీ భక్తి? కోపం తెచ్చుకోకండి గానీ, పిల్ల భక్తి పోతుందన్న భయం చాలా ఇళ్ళలో పిల్ల గురించి కాదు, ఊరివాళ్ళ నోటి గురించి.

మన నేల ఈ చదువుకు దూరమైనదేమీ కాదు. శాలిహుండంలో బౌద్ధ స్తూపాలతో పాటు బౌద్ధ దేవతలైన తార, మారీచి విగ్రహాలు దొరికాయి. నెల్లిమర్ల దగ్గర రామతీర్థం వెళ్తే గురుభక్తుల కొండ మీద బౌద్ధ విహారపు శిథిలాలు, దుర్గకొండ మీద జైన తీర్థంకరుల విగ్రహాలు, కింద రాముడి గుడి కనబడతాయి. విజయనగరంలో పైడితల్లి సిరిమాను ఊరేగేటప్పుడు ముందు జాలరి వల ఎందుకు సాగుతుంది? ఏ కులానికి ఆ ఉత్సవంలో ఏ పని, ఏ మర్యాద? మతం సమాజాన్ని ఎలా అల్లుతుందో చూడటానికి అంతకన్నా మంచి పాఠం దొరకదు.

బీటెక్‌తో పోల్చమన్నారు. మొదటి ఉద్యోగం త్వరగా రావాలంటే మంచి కాలేజీలో బీటెక్‌దే పైచేయి. అందులో దాపరికం లేదు. కానీ "మంచి కాలేజీలో" అన్న మాటను మీరు దాటేస్తారని నాకు తెలుసు. సీఎస్ఈ పక్కన ఏఐ అనో, డేటా సైన్స్ అనో తగిలించి ఫ్లెక్సీలు కడుతున్నారు. చాలాచోట్ల బ్రాంచి పేరు మారింది, పాఠం చెప్పే మనుషులు మారలేదు. అదే ల్యాబు, అదే రికార్డు కాపీ. నాలుగేళ్ళయ్యాక పిల్లలు కోడింగ్ నేర్చుకోవడానికి హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లున్న అమీర్‌పేట బస్సెక్కుతున్నారు. ఆ నాలుగేళ్ళ ఫీజు దేనికి కట్టినట్టు? అందరూ ఒకే బ్రాంచి చదివి ఒకే ఉద్యోగాల ముందు నిలబడ్డప్పుడు, ఇష్టం లేకుండా చదివినవాళ్ళే ముందు జారిపోతారు. బ్యాక్‌లాగులు పెట్టుకుని, ఆ సంగతి ఇంట్లో చెప్పలేక, సెలవులకు కూడా ఊరు రాని పిల్లలను నేను చూశాను. వాళ్ళ నాన్నలూ మీలాగే ప్రేమ ఉన్నవాళ్ళే. పక్కింటబ్బాయికి సీటొచ్చిందని మీ అమ్మాయికి కూడా అదే కట్టబెట్టకండి. నలుగురి ముందు గొప్పగా చెప్పుకోవడానికా ఆ పిల్ల చదివేది?

రెండో వైపు కూడా ఉన్నదున్నట్టు చెబుతాను. మతాల ఎంఏ పూర్తవగానే ఉద్యోగం ఎదురుగా ఉండదు. లెక్చరర్ అర్హతకు, పరిశోధన ఫెలోషిప్‌కు (జేఆర్ఎఫ్) పెట్టే యూజీసీ నెట్‌లో మతాల తులనాత్మక అధ్యయనం ఒక సబ్జెక్టు, బౌద్ధ, జైన అధ్యయనాలు ఉన్నది ఇంకోటి. జేఆర్ఎఫ్ వస్తే పరిశోధనకు నెలకు 37,000 రూపాయలు ఇస్తారు. కానీ ఈ శాఖలున్న యూనివర్సిటీలు తక్కువ, లెక్చరర్ పోస్టులు ఇంకా తక్కువ, పీహెచ్‌డీకి ఏళ్ళు పడుతుంది. 2024లో బౌద్ధ, జైన గ్రంథాల భాషలైన పాళీకి, ప్రాకృతానికి ప్రాచీన భాష హోదా ఇచ్చారు. సంతోషమే, అయితే దాంతో రేపే పోస్టులు పుట్టుకొస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

అందుకే నా సలహా ఇది. బీఏలో చరిత్ర తీసుకోనివ్వండి. శ్రీకాకుళంలోనే చదవొచ్చు, ఏ ప్రభుత్వ కాలేజీలో ఏ సబ్జెక్టు నడుస్తోందో మీరిద్దరూ వెళ్ళి కనుక్కోండి. ఆ మూడేళ్ళలో సంస్కృతం మొదలుపెట్టాలి. భాష రాకుండా మతాల చదువు వీడియోల దగ్గరే ఆగిపోతుంది. ఎంఏకి బీహార్‌లో రాజ్‌గిర్‌లోని నలంద యూనివర్సిటీ ఉంది. అక్కడ బౌద్ధ అధ్యయనాలు, తత్త్వశాస్త్రం, మతాల తులన కలిపి ఒకే శాఖగా నడుపుతున్నారు. ఢిల్లీ యూనివర్సిటీలో బౌద్ధ అధ్యయనాల శాఖ, మనకు దగ్గరలో కావాలంటే నాగార్జున యూనివర్సిటీలో మహాయాన బౌద్ధ కేంద్రం ఉన్నాయి. అంతదూరం వెళ్ళాలనిపించకపోతే ఆ బీఏతోనే బీఈడీ చేసి డీఎస్సీలో సోషల్ టీచర్ పోస్టుకు రాయొచ్చు, గ్రూప్స్ రాయొచ్చు. దేవాదాయ శాఖ ఈవో పరీక్షలో ఒక పేపరు హిందూ తత్త్వం, ఆలయ వ్యవస్థ మీదే. సివిల్స్‌లో ఫిలాసఫీ తీసుకుంటే రెండో పేపర్లో మత తత్త్వశాస్త్రం ఒక భాగం. సంబంధం వాళ్ళకు ఏం చెప్పాలో కూడా ఇందులోనే ఉంది కదా.

మీ అమ్మాయికి కూడా ఒక పని చెప్పండి. కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టేలోపు అరసవల్లి సూర్యుడి గురించి, ఇసే అమ్మవారి గురించి పుస్తకాలు చూసి నాలుగు పేజీలు తన మాటల్లో రాయాలి. వీడియోలు చూసి రాయకూడదు. రాసి, ఇంకా చదవాలని అడిగితే బీఏలో చేర్పించండి. రెండో పేజీకే విసుగొస్తే ఆ ర్యాంకుతో మంచి కాలేజీలో బీటెక్ చదవమనండి, అందులోనూ తప్పేమీ లేదు. ఆ పేజీలు మాత్రం మీరు కూడా చదవాలి. రాజ్‌గిర్ అంత దూరం ఆడపిల్లను ఎలా పంపాలని తర్వాతి ఉత్తరంలో అడుగుతారేమో. దానికి మూడేళ్ళ టైముంది, అప్పుడు మాట్లాడుకుందాం.