వీఆర్‌తో ఇంగ్లిష్ నేర్చుకుంటానన్న మేనకోడలికి

చి.ల.సౌ. లావణ్యను మేనత్త ఆశీర్వదించి రాయునది.

నువ్వు స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులు మానేశావనీ, కళ్లకు తెర తగిలించుకుంటే కంప్యూటర్ బొమ్మల లోకంలో ఉన్నట్టు చూపించే వర్చువల్ రియాలిటీ (వీఆర్) గురించిన వీడియోలూ వ్యాసాలూ పట్టుకుని సొంతంగా ఇంగ్లిష్ నేర్చుకుంటానంటున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. "పొద్దస్తమానం ఆ వీడియోలే వదినా" అని ఆవిడ గోల. నాకు మాత్రం ముందు సంతోషమే వేసింది. కాలేజీలో ఇంగ్లిష్ చెప్పి రిటైరైనదాన్ని, ఇష్టం లేని పాఠం ఎవరి చెవికీ ఎక్కదని నాకు తెలియదా? త్రీడీ బొమ్మలు చేసే పిల్లవి, నీ పనికి సంబంధించిన చదువు నీకు విసుగు పుట్టించదు. సంతోషం వెనకే భయం కూడా వేసింది. దాని సంగతికి వస్తాను.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. రోజూ అరగంట కూర్చో, ఆరు రోజులు ఎగ్గొట్టి ఆదివారం పొద్దంతా కూర్చోవద్దు. వీడియోను మొదటిసారి సబ్‌టైటిళ్లు లేకుండా చూడు, రెండోసారి ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లతో చూడు. యంత్రం తనంతట తాను వేసే సబ్‌టైటిళ్లు సాంకేతిక పదాల దగ్గర తప్పులో కాలేస్తుంటాయి, వాటిని గుడ్డిగా నమ్మకు.

ఏం చదవాలన్న విషయంలో నాకు కాస్త పట్టింపు ఉంది. చరిత్రతో మొదలుపెట్టు. 1968లో ఐవాన్ సదర్లాండ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త తలకు తగిలించుకునే తెర ఒకటి తయారుచేస్తే, దాన్ని పైకప్పు నుంచి వేలాడదీయాల్సి వచ్చింది. పాత కథలో డామొక్లీస్ అనేవాడి తల మీద వేలాడిన కత్తిని తలచుకుని డామొక్లీస్ ఖడ్గం అని దానికి పేరు పడింది. 1980లలో జారన్ లానియర్ వర్చువల్ రియాలిటీ అన్న మాటను జనంలోకి తెచ్చాడు. 1995లో నింటెండో వారి వర్చువల్ బాయ్ అనే వీడియో గేమ్ యంత్రం ఎరుపు, నలుపు బొమ్మలతో వచ్చి ఏడాది తిరక్కుండానే అటకెక్కింది. 2012లో పామర్ లక్కీ తన ఆక్యులస్ కంపెనీ హెడ్‌సెట్ (తలకు తగిలించుకునే వీఆర్ తెర) కోసం ఇంటర్నెట్‌లో జనం దగ్గర డబ్బు పోగుచేశాడు, 2014లో ఫేస్‌బుక్ ఆ కంపెనీని సుమారు 200 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. ఇవన్నీ జరిగిపోయిన సంగతులు కదా, చదివినకొద్దీ భూతకాల క్రియలు వ్యాకరణం పుస్తకం తెరవకుండానే నోటికి వస్తాయి. ఆ తర్వాత హెడ్‌సెట్ల సమీక్షలు చదువు. ఇది దానికంటే బరువు, దాని తెర దీనికంటే నయం అంటూ పేజీల కొద్దీ పోలికలే ఉంటాయి. హెడ్‌సెట్ పెట్టెలో వచ్చే సూచనల పుస్తకం ఎక్కడ దొరికినా వదలకు, ఆ చిన్న చిన్న ఆజ్ఞావాక్యాలు బంగారం. కంపెనీల ప్రకటనలు మాత్రం చివరికి ఉంచు. ఆపిల్ వారు 2024 ఫిబ్రవరిలో 3,499 డాలర్లకు విజన్ ప్రో అనే హెడ్‌సెట్ అమ్మకానికి పెట్టినప్పుడు దాన్ని స్పేషియల్ కంప్యూటింగ్ (మన చుట్టూ ఉన్న చోటులోనే కంప్యూటర్ వాడకం) అన్నారు తప్ప వర్చువల్ రియాలిటీ అనలేదు. అది సరుకు అమ్ముకునే భాష. ఇంటర్వ్యూలో ఆ ధోరణిలో మాట్లాడితే ఎదుటివాడికి నవ్వొస్తుంది.

ఇక అసలు సంగతి. కొత్త నోటుపుస్తకం కొని ఎడమవైపు ఇంగ్లిష్ పదం, కుడివైపు తెలుగు అర్థం రాస్తున్నావట. ఆ మాట వినగానే నాకు గుండె గుభేలుమంది. మీ నాన్న పుస్తకం కూడా అచ్చం అలాగే ఉండేది.

తెలుగు మీడియంలో చదివి పాలిటెక్నిక్‌లో చేరినప్పుడు మొదలుపెట్టాడు. బ్రౌన్ కాగితం అట్ట, పేజీ మధ్యలో స్కేలు పెట్టి కొట్టిన ఎర్ర సిరా గీత. సాయంత్రం డాబా మీద అటూ ఇటూ తిరుగుతూ వల్లె వేసేవాడు. ఏ పదం అడిగినా అర్థం ఠక్కున చెప్పేవాడు, ఇంటిల్లిపాదీ మురిసిపోయేవాళ్లం. డిప్లొమా అయ్యాక హైదరాబాద్‌లో పంపులు తయారుచేసే ఒక కంపెనీ ఇంటర్వ్యూకు పిలిచింది. అక్కడి పెద్దమనిషి బల్ల మీదున్న పంపు చూపించి, ఇది ఎలా పనిచేస్తుందో ఇంగ్లిష్‌లో చెప్పమన్నాడు. మీ నాన్నకు ఇంపెల్లర్ (పంపులో తిరిగే రెక్కల చక్రం) తెలుసు, సక్షన్ (పీల్పు) తెలుసు, ప్రెషర్ తెలుసు. నీళ్లు మధ్యలోంచి లోపలికి వస్తాయి, ఇంపెల్లర్ తిరుగుతూ వాటిని అంచుకు విసురుతుంది. ఈ రెండు వాక్యాలు కూర్చలేకపోయాడు. ఒక్కో పదమే అంటూ, మధ్యలో నీళ్లు నములుతూ, చివరికి తలదించుకుని కూర్చున్నాడట. రాత్రి బస్సుకు తిరిగొచ్చి అన్నం కూడా తినలేదు. ఆ తర్వాత వేరే చోట స్థిరపడ్డాడు, ఎవరికీ తీసిపోలేదు. కానీ ఇప్పటికీ బ్యాంకులో ఎవరైనా ఇంగ్లిష్‌లో పలకరిస్తే పక్కనున్న నీ మొహం చూస్తాడు. నువ్వూ గమనించే ఉంటావు. వాడికి తెలివి తక్కువా? మా ఇంట్లో లెక్కలు వాడికి వచ్చినట్టు ఇంకెవరికీ రాలేదు.

అందుకే చెబుతున్నాను, పదాన్ని ఒంటరిగా రాసుకోకు. చీర కట్టుకుంటాం, గాజులు వేసుకుంటాం, బొట్టు పెట్టుకుంటాం. ఏ మాట పక్కన ఏ క్రియ కూర్చోవాలో మనకెవరూ జాబితా ఇవ్వలేదు, వాటిని జంటగానే విన్నాం. ఇంగ్లిష్‌నూ అలాగే పట్టుకో. ఫీల్డ్ ఆఫ్ వ్యూ (కంటికి ఒక్కసారిగా కనబడే మేర) రాస్తే దాని పక్కనే వైడ్, న్యారో రాయి. రిఫ్రెష్ రేట్‌కు (తెర మీది బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందన్న లెక్క) హై, లో. లేటెన్సీకి (నువ్వు కదిలాక బొమ్మ కదలడానికి పట్టే ఆలస్యం) రెడ్యూస్. హెడ్‌సెట్‌కు పుట్ ఆన్, టేక్ ఆఫ్. ఒక్కోదానికీ నీ పని గురించిన సొంత వాక్యం ఒకటి రాసి, పైకి చదువు. ఎర్ర గీత మాత్రం కొట్టకు తల్లీ.

రాసి ఊరుకుంటే చాలదు, వివరించాలి. మా మనవడు ఒకసారి అట్టముక్కతో చేసిన, లోపల ఫోను పెట్టి చూసే గూగుల్ కార్డ్‌బోర్డ్ నా కళ్లకు పెట్టి రోలర్ కోస్టర్ ఎక్కించాడు. కుర్చీలోంచి కదలకుండానే కళ్లు తిరిగాయి. కదులుతున్నామని కళ్లు చెబుతాయి, లేదు కూర్చునే ఉన్నామని లోపలి చెవి చెబుతుంది, ఆ తగవులో కడుపు తిప్పుతుంది. దీన్ని ఐదారు వాక్యాల్లో ఇంగ్లిష్‌లో చెప్పి ఫోనులో రికార్డు చేసుకో. బికాజ్, బట్, సో అన్నీ వాటంతట అవే వస్తాయి. యాస గురించి సిగ్గుపడకు, ఏ అక్షరం మీద ఒత్తు పడుతుందో మాత్రం విను. టెక్నాలజీలో 'నా' మీద పడే ఒత్తు టెక్నలాజికల్‌లో 'లా' మీదికి జరుగుతుంది. మనవాళ్లు అన్ని అక్షరాలనూ ఒకే బరువుతో పలికేస్తారు, కొత్తవాళ్లకు అర్థం కానిది అక్కడే.

హెడ్‌సెట్ ఇప్పుడే కొనకు, నేర్చుకోవడానికి దానితో పనిలేదు. ఎప్పుడైనా కొన్నా, అది పెట్టుకుని డాబా మీద నిలబడకు. మీ ఇంటి పిట్టగోడ మోకాలెత్తు కూడా లేదు. ఎన్నిసార్లు చెప్పినా కట్టించడు మీ నాన్న.

వచ్చే ఆదివారం సాయంత్రం ఫోను చెయ్యి. ఆ కళ్లు తిరగడం సంగతి ఇంగ్లిష్‌లో చెప్పు. మధ్యలో ఆపి దిద్దను, తప్పులేమైనా ఉంటే చివర్లో చెబుతాను. వరండాలో కూర్చుని మాట్లాడు. మీ నాన్న పేపరు చదువుతున్నట్టు నటిస్తాడు, నువ్వు కాస్త గట్టిగానే మాట్లాడు.

ఇట్లు,
మీ అత్త