నరసాపురం లేసు స్కెచ్: సూది ఉన్నా అల్లుతున్నట్టు కనిపించకపోతే
మీ పెన్సిల్ స్కెచ్‌లో అరుగు మీద కూర్చుని నరసాపురం లేసు అల్లే ఆడవాళ్లు లేసు సూది (కొసన కొక్కెం ఉండే క్రోషే సూది) ఊరికే పట్టుకున్నట్టు ఉండటానికి కారణం ఎడమచెయ్యి. కుడిచేతి సూది బాగానే వచ్చింది, దాన్ని ముట్టుకోకండి.

1. ఎడమ చూపుడువేలు కాస్త పైకి లేపండి. దారం దాని మీదుగా వచ్చి సూది కొక్కేనికి చేరాలి. వేలికీ కొక్కేనికీ మధ్య ఉన్న ఆ కాస్త దారం బిగుతుగా, తిన్నగా ఉండాలి. చాలామంది వదిలేసేది ఇదే. వదులుగా వేలాడితే బొమ్మలో పని ఆగిపోయినట్టే ఉంటుంది.

2. అల్లిన లేసును ఎడమ బొటనవేలు, నడిమివేలు పట్టుకోవాలి.

3. తెల్ల దారాన్ని పెన్సిల్‌తో గీయొద్దు. వెనకున్న చీరకు 4బి పెన్సిల్‌తో (మెత్తగా, ముదురుగా పడేది) షేడ్ వేసి, దారం మేరకు కాగితం తెల్లగా వదిలేయండి.

4. తలలు చేతుల వైపు వంచండి. చేయి తిరిగినవాళ్లు కబుర్లాడుతూనే అల్లేస్తారు కాబట్టి, ఒకరు పక్కకు చూస్తున్నా బాగుంటుంది.