పిల్లలు బొమ్మలు తిరగేసి వెళ్ళిపోతున్నారు: సమాధానం

మేడమ్, ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు మీ శాఖా గ్రంథాలయానికి వచ్చినా చదవట్లేదు, గ్రూప్స్ అభ్యర్థులేమో గోల అంటున్నారు. ఇదే కదా మీ ఇబ్బంది?

ముందు పిల్లల పుస్తకాల బీరువా తాళం తీయండి. చిరుగుతాయని దాచిన పుస్తకం ఎవరికి పనికొస్తుంది? పిల్లల చేతికందే అరలో అట్టలు కనబడేలా పెట్టండి. శనివారం సాయంత్రం వరండాలో ఒక కథ పైకి చదవండి. లోపలివాళ్ళకు ఇబ్బంది ఉండదు. సగంలో ఆపేస్తే ఇంకా మంచిది, మిగతాది వాళ్ళే వెతుక్కుంటారు. తర్వాత ప్రశ్నలు మాత్రం అడగొద్దు, బడిలో అడిగేవి చాలు.

ఎనిమిదో తరగతి అయినా కూడబలుక్కుని చదివేవాళ్ళు ఉంటారు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు నాలుగు స్థాయిల్లో ఉన్నాయి. ఉచితంగా దించుకుని ప్రింటు తీసుకోవచ్చు. తక్కువ స్థాయివి ఇచ్చేటప్పుడు 'చిన్నపిల్లలవి' అనకండి, సిగ్గుపడి మళ్ళీ రారు.

ఫోన్ల మీద కోప్పడి లాభం లేదు. వాట్సాప్‌లో వచ్చిన ఒక వార్త తీసుకుని ఎవరు రాశారు, ఏ తేదీది, ఫొటో పాతదా అని వాళ్ళచేతే వెతికించండి. ఫొటో ఇంకెక్కడ వచ్చిందో చూపే గూగుల్ లెన్స్‌లో వెతికి, మీ దగ్గరున్న దినపత్రికలతో పోల్చమనండి. నన్నడిగితే ఇది కథల గంట కంటే ముఖ్యం.

డబ్బు సంగతి: ఇంటిపన్నుతో వసూలయ్యే గ్రంథాలయ పన్ను రూపాయికి 8 పైసలు, జిల్లా గ్రంథాలయ సంస్థకే చెందాలి. నవంబరు 14-20 గ్రంథాలయ వారోత్సవాల్లో వ్యాసరచన పోటీతో సరిపెట్టకుండా, కావలసిన పుస్తకాల జాబితా పిల్లలచేత రాయించి ఆ సంస్థ కార్యదర్శికి పంపండి.