ఆరో సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ కొనుక్కోవద్దు

ప్రశ్న: మేడమ్, మాది ఆదోని. బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ ఐదో సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయి. ఆరో సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్పే. మా నాన్న పత్తి కమీషన్ దుకాణంలో గుమాస్తా. డిగ్రీ అవ్వగానే నంద్యాల వెళ్లి బ్యాంక్ కోచింగ్ తీసుకోమంటున్నారు. బెంగళూరులో ఉండే మామయ్య ఒక కన్సల్టెన్సీకి లక్షన్నర కడితే పెద్ద కంపెనీలో ఉద్యోగం గ్యారంటీ అంటున్నాడు. ఫ్రెండ్స్ ఐసెట్ రాసి ఎంబీఏ చేద్దామంటున్నారు. ఏది ఎంచుకోవాలో తెలీక టెన్షన్‌గా ఉంది. ఇంటర్న్‌షిప్‌కి మా క్లాసులో చాలామంది డబ్బు కట్టి ఆన్‌లైన్ సర్టిఫికెట్ తెచ్చుకుంటున్నారు. నేనూ అలాగే తెచ్చుకుని, ఆ టైంలో బ్యాంక్ పరీక్షకు చదువుకుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదమ్మా. నంద్యాల, బెంగళూరు, ఎంబీఏ గురించి తర్వాత మాట్లాడుకుందాం. నువ్వు చివర్లో తేలిగ్గా రాసేసిన ఇంటర్న్‌షిప్ సంగతే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది. ఉద్యోగానికి దేశం మొత్తం ‘అనుభవం ఉందా’ అని అడుగుతుంటే, ఆ అనుభవం సంపాదించుకోమని కాలేజీయే నీకు ఒక సెమిస్టర్ ఖాళీగా ఇస్తోంది. డిగ్రీ అయ్యాక ఇలాంటి సమయం కావాలంటే ఇంట్లో వాళ్లను బతిమాలాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీ సిలబస్ మార్చినప్పుడు మూడేళ్లలో పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. మొదటి ఏడాది తర్వాత నువ్వు చేసిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కూడా అందులో భాగమే. ఆలోచన మంచిదే. ఊళ్లో పరిశ్రమలు లేని చోట పిల్లల్ని ఎక్కడికి పంపాలో కాలేజీలకు తెలియలేదు, ఆ ఖాళీలోకి సర్టిఫికెట్లు అమ్మేవాళ్లు దూరారు. మీ క్లాసు పిల్లల్ని నేను తప్పుపట్టను. కానీ ఆ కాగితం ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న దాకా కూడా నిలబడదు. ‘ఇంటర్న్‌షిప్‌లో జీఎస్టీ చేశానని రాశారు కదా, పర్చేజ్ రిజిస్టర్‌కీ, జీఎస్టీ పోర్టల్‌లో వచ్చే కొనుగోళ్ల వివరం 2బీకీ తేడా వస్తే ఏం చేసేవారు?’ అని అడిగితే, నిజంగా చేసిన పిల్ల ఏదో ఒకటి చెబుతుంది. కాగితం కొనుక్కున్న పిల్ల నేల చూపులు చూస్తుంది.

నువ్వు ఉన్న ఊరు చిన్నదని అనుకోకు. పత్తి వ్యాపారంలో ఆదోని మార్కెట్ యార్డుకు రాష్ట్రంలోనే పేరుంది. కమీషన్ దుకాణాలు, జిన్నింగ్ మిల్లులు, లారీ ఆఫీసులు, వాటన్నిటికీ లెక్కలు రాసే ఆడిటర్ ఆఫీసులు మీ ఊళ్లోనే ఉన్నాయి. బీకాం అమ్మాయికి ఇంతకంటే మంచి ప్రయోగశాల ఏముంటుంది? పైగా మీ నాన్నగారు అదే బజార్లో గుమాస్తా. ఏ ఆడిటర్ దగ్గర పని ఎక్కువ, ఎవరు ఆడపిల్లల్ని మర్యాదగా చూస్తారు, ఎవరి ఆఫీసులో ఇప్పటికే అమ్మాయిలు పనిచేస్తున్నారు అన్నది ఆయనకు ఒక్క పూటలో తెలిసిపోతుంది. ఈ సమాచారం ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు. మొదటిసారి ఆయన్ని వెంట తీసుకెళ్లినా తప్పేం లేదు, మాట్లాడేది మాత్రం నువ్వే మాట్లాడు.

వెళ్లేటప్పుడు తేదీ చూసుకో. నెలనెలా రిటర్నులు వేసే వ్యాపారులకు అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 గడువు 11. కొనుగోళ్ల వివరం 2బీ 14న వస్తుంది. పన్ను కట్టే 3బీ గడువు 20. పదో తేదీన వెళ్లి నిలబడితే ఆడిటర్ నీ ముఖం కూడా చూడడు. 20 దాటాక వెళ్లు. ‘సార్, కాలేజీ ఇంటర్న్‌షిప్ ఉంది. జీతం అడగను. ఈ సెమిస్టర్ అంతా రోజూ వస్తాను. టాలీ ఎంట్రీలు వేయడం వచ్చు, రిటర్నుల పని నేర్పించండి’ అని చెప్పు. లెక్కలు రాసే ఆ టాలీ సాఫ్ట్‌వేర్ నిజంగా వచ్చి ఉండాలి సుమా. కాలేజీ ల్యాబ్‌లో నేర్చుకున్నది మరిచిపోయి ఉంటే ఈ రెండు వారాల్లో మళ్లీ కూర్చో.

మొదట్లో జిరాక్సులు తీయించడం, ఫైళ్లు సర్దడం, బిల్లులు తేదీల వారీగా పేర్చడం చెబుతారు. చిన్నబుచ్చుకోకు. బిల్లులు పేర్చేటప్పుడే ఒక వ్యాపారం ఎలా నడుస్తుందో తెలుస్తుంది. అయితే నెల దాటినా అదే పని చెబుతుంటే నోరు తెరిచి అడగాలి. నాలుగు నెలల తర్వాత బయటికి వచ్చేటప్పటికి ఒక చిన్న దుకాణం లెక్కలు మొదటి బిల్లు నుంచి రిటర్ను దాకా నీ చేత్తో అయ్యుండాలి. బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పద్దులు సరిచూడటం, 2బీతో కొనుగోళ్లు పోల్చడం, తేడా ఉంటే సరుకు పంపినవాళ్లకు ఫోన్ చేసి బిల్లు ఎందుకు ఎక్కించలేదని అడగడం. ఈ మూడోది చాలామందికి రాదు. లెక్క వచ్చినా ఫోన్‌లో మాట్లాడలేరు. నువ్వు మొదటి వారం నుంచే ఆ ఫోన్లు నేను చేస్తానని అడిగి తీసుకో.

మీ ఊరి లెక్కల్లో పుస్తకంలో రెండు లైన్లతో సరిపెట్టేసేవి కొన్ని ఉంటాయి. జీఎస్టీలో నమోదైన వ్యాపారి రైతు దగ్గర పత్తి కొంటే, పన్ను కట్టాల్సింది అమ్మిన రైతు కాదు, కొన్న వ్యాపారే. దాన్నే రివర్స్ ఛార్జ్ అంటారు. కమీషన్ దుకాణం మధ్యలో ఉన్నప్పుడు ఆ పద్దు ఎవరి పుస్తకంలో ఎలా పడుతుందో కూర్చుని నేర్చుకుంటే, హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ చేసేవాడికి నువ్వే పాఠం చెప్పొచ్చు. ఇంకోటి. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి పాత 1961 చట్టం స్థానంలో అమలు. నువ్వు బట్టీపట్టిన ప్రీవియస్ ఇయర్, అసెస్‌మెంట్ ఇయర్‌లకు బదులు అందులో ట్యాక్స్ ఇయర్ అనే ఉంటుంది. సీనియర్లు కూడా కొత్తగా నేర్చుకోవాల్సిన సమయంలో నువ్వు అడుగుపెడుతున్నావు. ఇది నీకు లాభమే.

డబ్బు సంగతి. మొదటి రెండు నెలలు బస్సు ఖర్చులకు ఇచ్చినా చాలు. ఆ తర్వాత కూడా నీచేత పూర్తి పని చేయించుకుంటుంటే, అడగడానికి మొహమాటపడకు. చివర్లో తీసుకునే సర్టిఫికెట్‌లో ‘విజయవంతంగా పూర్తిచేశారు’ అన్న ఒక్క వాక్యం వద్దు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏయే పనులు చేశావో వివరంగా లెటర్‌హెడ్ మీద రాయించుకో.

ఇక నంద్యాల. మీ నాన్నగారి ఆలోచనను నేను కొట్టిపారేయను. రాయలసీమలో బ్యాంకు ఉద్యోగం అంటే నంద్యాల గుర్తొస్తుందంటే ఊరికే కాదు, అక్కడి హాస్టళ్లలో ఉండి చదివినవాళ్లు చాలామంది ఇవాళ కౌంటర్ల వెనక కూర్చున్నారు. ఇంటికి తిరిగొచ్చినవాళ్లు అంతకంటే చాలా ఎక్కువ. వాళ్ల గురించి ఎవరూ ఫ్లెక్సీలు కట్టరు. కాబట్టి కోచింగ్‌కు ముందే నీ స్థాయి నీకు తెలియాలి. క్లర్క్ ప్రిలిమ్స్‌లో 60 నిమిషాల్లో 100 ప్రశ్నలు, మూడు విభాగాలకు తలా 20 నిమిషాలు, తప్పు జవాబుకు పావు మార్కు కోత. ఇందులో తెలివితేటల కంటే వేగానికే పని. ఆఫీసు నుంచి వచ్చాక రాత్రి రెండు గంటలు, వారానికి రెండు మాక్ టెస్టులు. ఇది ఆదోనిలోనే చేయొచ్చు. మూడు నెలల తర్వాత కూడా మార్కులు పెరగకపోతే లోపం ఎక్కడుందో కనిపిస్తుంది, అప్పుడు కోచింగ్‌కు వెళ్తే పెట్టిన డబ్బుకు ఫలితం ఉంటుంది.

ఇంగ్లిష్ భయం ఉంటే గ్రామీణ బ్యాంకు ఆఫీస్ అసిస్టెంట్ పరీక్ష ముందు చూడు. దాని ప్రిలిమ్స్‌లో రీజనింగ్, లెక్కలు మాత్రమే ఉంటాయి, 45 నిమిషాల్లో 80 ప్రశ్నలు, తెలుగులోనూ రాయొచ్చు. మీ నాన్నగారు ‘ప్రగతి బ్యాంకు’ అని పిలిచేది 2025 మే 1న రాష్ట్రంలోని మిగతా మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. ఇక వయసు గురించి కంగారు వద్దు. క్లర్క్ పోస్టులకు 20 నుంచి 28 ఏళ్లు, ప్రొబేషనరీ ఆఫీసర్‌కు 30 దాకా, రిజర్వేషన్ ఉంటే సడలింపు అదనం. అయితే 28 దాకా రాయొచ్చు కదా అని 28 దాకా ఇంట్లో కూర్చుని రాయకూడదు. ఉద్యోగం చేస్తూ ఎన్నేళ్లయినా రాసుకో. ఉద్యోగం లేకుండా, కేవలం చదువుతూ గడిపేది మాత్రం ఒక్క ఏడాదే అని ఇప్పుడే మీ నాన్నగారితో కూర్చుని మాట్లాడుకో. ఆ గడువు పరీక్ష పోయిన రోజున పెట్టుకుంటే నిలవదు.

మామయ్య చెప్పిన లక్షన్నర మాత్రం వద్దే వద్దు. నిజమైన కంపెనీ ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు తీసుకోదు, దానికి మినహాయింపులు లేవు. ఇలాంటి చోట జరిగేది రెండు రకాలు. డబ్బు తీసుకుని ఫోన్ ఎత్తకపోవడం ఒకటి. రెండోది ఇంకా ప్రమాదం. నువ్వు పనిచేయని కంపెనీలో రెండేళ్లు చేసినట్టు అనుభవపత్రం పుట్టించి, దానితో ఇంటర్వ్యూకు పంపుతారు. చేరాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ ఖాతా చూస్తే, ఆ రెండేళ్లు ఒక్క రూపాయి కూడా పడలేదని తేలిపోతుంది. ఉద్యోగం పోతుంది, పేరూ పోతుంది. మామయ్య మంచి మనసుతోనే చెప్పి ఉంటాడు, ఆయనతో గొడవపడకు. ‘ఆఫర్ లెటర్ ఏ కంపెనీ పేరు మీద ఇస్తారు? మొదటి జీతం పడ్డాక డబ్బు కడితే ఒప్పుకుంటారా?’ అని కన్సల్టెన్సీ వాళ్లను అడగమను. రెండో ప్రశ్నతో మామయ్యకే అర్థమవుతుంది.

బెంగళూరో హైదరాబాదో వెళ్లాలని నీకే ఉంటే అదేం తప్పు కాదు. పెద్ద కంపెనీల అకౌంటింగ్ పని చేసిపెట్టే ఆఫీసులు రెండు ఊళ్లలోనూ బీకాం వాళ్లను తీసుకుంటాయి. కంపెనీ వెబ్‌సైట్‌లోనే దరఖాస్తు చేసుకో. చేరేటప్పుడు ఇన్నేళ్లు మానేయనని బాండ్ రాయమంటే చదవకుండా సంతకం పెట్టకు. ‘కోర్టులో చెల్లవులే’ అని స్నేహితులు అంటారు. ఒక ప్రభుత్వ బ్యాంకు కేసులో మూడేళ్ల లోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు 2025 మేలో తీర్పిచ్చింది. ప్రతి బాండూ అలా చెల్లుతుందని కాదు, ఊరికే పోతుందనుకోవద్దని. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం చూపించి వెనక్కి తెచ్చుకో, ఎవరి దగ్గరా వదలకు.

డిగ్రీ అయ్యాక ఏడాది పాటు ప్రభుత్వ పథకం కింద అప్రెంటిస్‌గా చేరే దారి కూడా ఉంది. నాట్స్ అనే ఈ పథకంలో ఇంజినీరింగ్ వాళ్లే కాదు, బీకాం వాళ్లూ నమోదు కావచ్చు. 2019 నిబంధనల్లో పట్టభద్రులకు కనీస స్టైపెండ్ నెలకు 9,000 అని పెట్టారు, అందులో కొంత భాగం కేంద్రం భరిస్తుంది. ఫలితాలు రాగానే పేరు నమోదు చేసుకో, పోయేదేం లేదు.

ఎంబీఏ విషయంలో నా మాట కాస్త కటువుగా ఉంటుంది. పక్క ఊళ్లో సీటు దొరికింది కదా అని ఫ్రెండ్స్‌తో కలిసి చేరే ఎంబీఏ, రెండేళ్ల తర్వాత నిన్ను మళ్లీ ఇదే ప్రశ్న దగ్గర నిలబెడుతుంది. రెండు మూడేళ్లు పనిచేసి, మంచి కాలేజీలో సీటు వస్తే అప్పుడు చూద్దాం. నీకు నిజంగా లెక్కల మీద ఇష్టం ఉంటే సీఏ గురించి అడగాల్సింది, నువ్వు అసలు ఎత్తలేదు. కామర్స్ డిగ్రీలో 55 శాతం వస్తే మొదటి మెట్టయిన ఫౌండేషన్ రాయకుండా నేరుగా రెండో మెట్టు సీఏ ఇంటర్మీడియెట్‌లో చేరొచ్చు. దాని రెండు గ్రూపులూ పాసయ్యాక రెండేళ్లు ఆర్టికల్‌షిప్, అంటే సీఏ దగ్గర పని నేర్చుకోవడం, ఆ రెండేళ్లూ స్టైపెండ్ ఉంటుంది. తేలిక కాదు, చాలామంది మధ్యలో ఆగిపోతారు. నీకు సరిపడుతుందో లేదో ఆడిటర్ ఆఫీసులో నాలుగు నెలలు కూర్చుంటే నీకే తెలుస్తుంది, నన్ను అడగక్కర్లేదు.

చివరగా కాగితాల పని, దీన్ని మాత్రం ఈ నెలలోనే మొదలుపెట్టు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటే ఇప్పుడే సరిచేయించు. పరీక్ష హాలు గుమ్మం దగ్గర ఈ తేడాతో ఏడ్చే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. ఓబీసీ అయితే రాష్ట్ర కుల ధ్రువపత్రం బ్యాంకు పరీక్షలకు చాలదు, కేంద్ర ప్రభుత్వ నమూనాలో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. సచివాలయంలో అడిగేటప్పుడు ‘సెంట్రల్ ఫార్మాట్’ అని స్పష్టంగా చెప్పు, లేకపోతే మామూలుదే చేతిలో పెడతారు. ఫలితాలు వచ్చాక ప్రొవిజినల్, మార్కుల మెమోలు, టీసీ ఒకేసారి తీసుకో. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని ఒరిజినల్స్ ఆపితే, విద్యార్థుల అసలు సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రస్తావిస్తూ ప్రిన్సిపాల్‌కు అర్జీ రాసి, ఒక కాపీ మీద ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకో.